వయొలిన్ ఒకటి, ఫేడర్లు ఎనిమిది

నా పని డైలాగ్ ఎడిటింగ్. నటుడు మాట్లాడుతుంటే వెనక కుర్చీ కిర్రుమంటే ఆ కిర్రు తీసెయ్యాలి. మాటకు ముందు ఊపిరి మరీ గట్టిగా వినిపిస్తే తగ్గించాలి. తలుపు చప్పుడు, కాగితాల రెపరెప, గదిలో ఎవరో దగ్గడం, మైకు స్టాండుకు కాలు తగలడం, ఇవన్నీ నా లెక్కలో చెత్త. పని సరిగ్గా చేస్తే నేను చేసిన సంగతే ఎవరికీ తెలియదు. చెడగొడితే మాత్రం అందరికీ తెలిసిపోతుంది.

ఇలాంటి పని చేసుకుంటూ బతికేదాన్ని ఇటలీ స్వరకర్త లుయీజీ నోనో రాసిన ఒక వయొలిన్ రచన పట్టుకుని వదలడం లేదు. నేను రోజంతా ఏరిపారేసేవన్నీ అందులో ఉన్నాయి. కుర్చీలున్నాయి, తలుపులున్నాయి, స్టూడియోలో మనుషులు మాట్లాడుకునే మాటలున్నాయి. పొరపాటున ఉండిపోయినవి కావు, కావాలని ఉంచినవి.

దాని పూర్తి పేరు 'లా లొంతనాంత్సా నొస్తాల్జికా ఉతోపికా ఫుతూరా'. దూరం, గతం మీద బెంగ, ఇంకా పుట్టని లోకం, రాబోయే కాలం, ఇవన్నీ ఆ పేరులోనే ఉన్నాయి. ప్రతిసారీ ఇంత పొడుగు రాయలేను కాబట్టి ఇక నుంచి 'లొంతనాంత్సా' అంటాను. 1988లో మొదలై, మార్పులతో 1989కి ఒక రూపానికి వచ్చింది. ఒక వయొలిన్, ఎనిమిది ట్రాకుల టేపు, వేదిక మీద ఎనిమిది నుంచి పది దాకా మ్యూజిక్ స్టాండ్లు. నిడివి నలభై నిమిషాల నుంచి గంట దాకా ఎంతైనా కావచ్చు. ఆ 'ఎంతైనా' ఎందుకో తర్వాత చెబుతాను, అసలు విషయం అక్కడే ఉంది.

ముందు టేపు గురించి. ఒక వాయిద్యం పక్కన రికార్డు చేసిన శబ్దం పెట్టి కచేరీ చెయ్యడం 1950ల నుంచి ఉన్నదే. అందులో ఒక ఇబ్బంది మొదటి నుంచీ ఉంది. టేపు బయల్దేరిన బస్సు లాంటిది, ఎవరి కోసమూ ఆగదు. వాయించేవాళ్లు ఆ రోజు ఒక స్వరాన్ని ఇంకో క్షణం పట్టి ఉంచాలనుకున్నా కుదరదు. కొందరు స్వరకర్తలు ఈ మొండితనాన్నే సంగీతంగా మార్చుకున్నారు. స్టీవ్ రైక్ 1967లో రాసిన 'వయొలిన్ ఫేజ్' అలాంటిది. వయొలినిస్టు ముందే రికార్డు చేసి పెట్టుకున్న తన వాయింపుతో పాటు అదే చిన్న వరసను వాయిస్తూ, కొంచెం కొంచెంగా వేగం పెంచి దాని ముందుకు జరుగుతాడు. టేపు కదలదు కాబట్టే ఆ జరగడం మనకు తెలుస్తుంది. మారియో దవిదోవ్‌స్కీ 'సింక్రోనిజమ్స్' వరసలో తొమ్మిదోది కూడా వయొలిన్‌కీ టేపుకీ రాసిందే. అక్కడ వయొలిన్ తీగ మీటిన చోటే స్పీకర్లో శబ్దం పుట్టినట్టు, స్పీకర్లో ఆగిపోయిన చోట కమాను అందుకున్నట్టు ఉంటుంది. రెండూ సెకనులో చిన్న భాగం తేడా లేకుండా కలవాలి. అదీ 1988లోనే వచ్చింది. ఒకే ఏడాది, ఒకే రకం వనరులు, ఇద్దరి దారులు మాత్రం పూర్తిగా వేరు.

నోనో దారి అర్థం కావాలంటే అంతకు ముందు ఆయన ఏం చేశాడో కొంచెం చూడాలి. 1924లో వెనిస్‌లో పుట్టాడు, 1990లో వెనిస్‌లోనే పోయాడు. ఇటలీ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1964లో జెనోవా ఉక్కు కర్మాగారంలోకి రికార్డర్ పట్టుకెళ్లి, యంత్రాల మోత, కార్మికుల గొంతులు పట్టుకొచ్చి, మిలాన్ రేడియో స్టూడియోలో 'లా ఫబ్రికా ఇల్లుమినాతా' చేశాడు. ఒక గాయని, ఒక టేపు. అది మీద పడే సంగీతం, చెవి పట్టుకుని వినిపించే రకం. ఆ నోనో నాకు అంతగా నచ్చడు. గౌరవం ఉంది, అంతే.

1976లో మౌరిత్సియో పొల్లీని కోసం పియానో, టేపు కలిపి '...సొఫ్ఫెర్తె ఒందె సెరేనె...' రాశాడు. ఆ టేపులో ఉన్నది మళ్లీ పొల్లీని పియానోయే. వేదిక మీద పొల్లీని, స్పీకర్లలో పొల్లీని. పెడల్ తొక్కే చప్పుడు కూడా ఉంటుంది. నోనో ఇల్లు వెనిస్‌లోని జూదెక్కా దీవిలో. అక్కడ నీళ్ల మీదుగా రకరకాల గంటల మోతలు ఇంటికి వచ్చేవి, అవి ఆ రచనలో ఉన్నాయని ఆయనే చెప్పాడు. ఏ గంట దగ్గరిదో, ఏది దూరానిదో, ఏది నీటి మీద తిరిగొచ్చిన మోతో చెప్పలేని వినికిడి. పన్నెండేళ్ల తర్వాత వయొలిన్ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చెవిలో ఉన్నది ఆ ఊరే అనుకుంటాను. వెనిస్‌లో కార్లు లేవు, కాబట్టి దూరంగా నడిచే మనిషి అడుగులు కూడా వినిపిస్తాయి.

1988 ఫిబ్రవరిలో వయొలినిస్టు గిడాన్ క్రెమర్ జర్మనీలోని ఫ్రైబుర్గ్ ఎక్స్‌పెరిమెంటల్ స్టూడియోకి వెళ్లాడు. వాయించడానికి నోనో దగ్గర నొటేషన్ (స్వరాలు రాసిన కాగితాలు) లేదు. క్రెమర్‌ని మైకుల ముందు నిలబెట్టి వాయించమన్నాడు. తీగ మీద కమాను తగిలీ తగలకుండా, తీగల్ని మోసే చిన్న చెక్క బ్రిడ్జికి ఆనించి, కమాను కర్రతో, హార్మోనిక్స్ (తీగను తేలిగ్గా తాకితే పుట్టే సన్నటి స్వరాలు) మాత్రమే, ఒకే స్వరం మాత్రమే. మధ్యలో మాటలు, విరామాలు. మైకులు మాత్రం ఆపలేదు. గంటల కొద్దీ పోగైన ఆ రికార్డింగు నుంచి ఎనిమిది ట్రాకులు తయారుచేశాడు. ఒక్కొక్కటీ గంట పైచిలుకు.

ఆ ఎనిమిదీ ఒకటి కావు. మొదటి రెండిటిలో దట్టంగా ఒకదాని మీద ఒకటి పేర్చిన వయొలిన్లు, స్పీకర్లోంచి పొగమంచు కమ్మినట్టు వస్తాయి. మూడు, నాలుగులో వయొలిన్ వయొలిన్‌లాగే ఉంటుంది, విడివిడి స్వరాలు, పంచమాలు. అయిదు, ఆరులో నా శత్రువులు: మాటలు, తలుపులు, కుర్చీలు, రకరకాల చప్పుళ్లు. ఏడు, ఎనిమిదిలో ఎత్తయిన స్థాయిలో సన్నటి రాగాలు, హార్మోనిక్స్, వణుకుతూ పరిగెత్తే కమాను. ఎనిమిది స్పీకర్లు ప్రేక్షకుల చుట్టూ ఉంటాయి.

మొదటిసారి దీన్ని స్టూడియోలో, పని అయిపోయాక, పెద్ద స్పీకర్ల మీద పెట్టుకున్నాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు సంచి తగిలించుకుని వెళ్లబోతూ ఆగాడు. తలుపు దగ్గరే నిలబడి కాసేపు విన్నాడు.

"అక్కా, ఇది ఇంకా క్లీన్ చెయ్యలేదా? రేపు నేను చేసేస్తాలే."

"ఇది ఫైనల్ రా. ముప్ఫై ఏళ్ల కిందటే ఫైనల్."

"మరి ఆ కుర్చీ?"

ఆ కుర్చీ గురించి వాడికి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలననుకుంటా. మా భాషలో రూమ్ టోన్ అని ఒకటుంది. షూటింగ్ చోట అందరినీ మాట్లాడకుండా నిలబెట్టి, ఏమీ జరగని ఆ గదినే కాసేపు రికార్డు చేస్తారు. తర్వాత నేను డైలాగుల మధ్య కోసేసిన ఖాళీల్లో దాన్ని పరుస్తాను. అది లేకపోతే మాటా మాటా మధ్య శబ్దం చచ్చిపోతుంది, చూసేవాళ్లకి ఎందుకో తెలియదు గానీ ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. నోనో ఫ్రైబుర్గ్ గదిని అలాగే దాచి పెట్టాడు. తేడా ఏంటంటే నేను గదిని మాట కింద పరుస్తాను, ఆయన గదిని వయొలిన్ పక్కన సమానంగా కూర్చోబెట్టాడు. వేదిక మీద వాయిస్తున్న మనిషి ఇప్పుడు ఈ హాల్లో ఉన్నాడు. కుర్చీ జరిగింది 1988లో, ఫ్రైబుర్గ్‌లో. ఆ చప్పుడు వినగానే ఈ గదిలో ఇంకో గది తెరుచుకుంటుంది. శుభ్రం చేసిన వయొలిన్ ఒక్కదానితో ఆ పని జరగదు. స్వరానికి తేదీ ఉండదు, కుర్చీకి ఉంటుంది.

వయొలిన్ భాగం విషయానికొస్తే, ఆ నొటేషన్ పూర్తయిన తీరు తలుచుకుంటే నాకే టెన్షన్ వస్తుంది. మొదటి ప్రదర్శన 1988 సెప్టెంబరు 3న బెర్లిన్‌లో. క్రెమర్ అక్కడికి చేరేసరికి కూడా పేజీలు పూర్తి కాలేదు, ప్రదర్శనకు ముందు చివరి గంటల్లో చేతికి అందాయి. డెడ్‌లైన్ దాటించే డైరెక్టర్ల మీద రోజూ విసుక్కునే నేను, ఈ కథ విన్న తర్వాత కూడా వాళ్ల మీద జాలి పడలేదు. ఒక నెల తర్వాత మిలాన్‌లో మార్చిన రూపం వినిపించారు.

భాగాలు ఆరు. ఆరు స్టాండ్ల మీద ఆరు భాగాల కాగితాలు ఉంటాయి. మిగతా స్టాండ్లు ఖాళీ. అవన్నీ వేదిక మీద, ఒక్కోసారి ప్రేక్షకుల మధ్య కూడా, వరస లేకుండా చెదిరి ఉంటాయి. వయొలినిస్టు ఒక భాగం ముగించి తర్వాతి దాన్ని వెతుక్కుంటూ నడవాలి. తిన్నగా వెళ్లకూడదు. ఖాళీ స్టాండు దగ్గరికి వెళ్లి, అక్కడ ఏమీ లేదని మళ్లీ బయల్దేరవచ్చు. స్పెయిన్‌లోని టొలేడోలో ఒక మఠం గోడ మీద, దారులేవీ లేవు, నడవడమే ఉందని బాటసారులకు చెప్పే మాటలు నోనో కంట పడ్డాయి. చివరి ఏళ్లలో మూడు రచనల పేర్లు అందులోంచే తీసుకున్నాడు. లొంతనాంత్సాకి కూడా గిడాన్ క్రెమర్‌తో కలిసి పలువురు బాటసారుల మాడ్రిగల్ అని ఉపశీర్షిక పెట్టాడు. మాడ్రిగల్ అంటే కొన్ని గొంతులు కలిసి పాడే పాత ఇటలీ పాట. వేదిక మీద ఉన్నది ఒక్కరే అయినా, పలువురు అన్నాడు.

ఆ పలువురు ఎవరు అన్నదాని మీద నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. టేపులో ఉన్న క్రెమర్ ఒకడు. వేదిక మీద ఎవరు వాయిస్తే వాళ్లు రెండోవాళ్లు. మూడో బాటసారి హాలు మధ్యలో, శబ్దాలు కలిపే మిక్సర్ దగ్గర కూర్చుంటాడు, ఈ రచనని విన్నవాళ్లలో చాలామంది అతన్ని లెక్కలోకే తీసుకోరు. సోలో వయొలిన్ అని రాస్తారు, వయొలినిస్టు ఫోటో పెద్దగా వేస్తారు. మిక్సర్ మనిషి పేరు కింద చిన్న అక్షరాల్లో. (ఇందులో నా సొంత బాధ కూడా కొంత కలిసి ఉందని ఒప్పుకుంటా.)

ఎనిమిది ట్రాకులూ మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. వాటిలో ఏది వినపడాలి, ఎప్పుడు, ఎంత, ఏ స్పీకర్లోంచి అన్నది ఆ మనిషి వేళ్ల మీద ఉంటుంది. ఫేడరు అంటే మిక్సర్ మీద శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట. దాన్ని పైకి తోస్తే ఒక లోకం వస్తుంది, కిందికి లాగితే పోతుంది. ఏ క్షణంలో ఏం చెయ్యాలో నొటేషన్‌లో లేదు. ట్రాకులన్నీ మూసేసి వయొలిన్‌ని ఒంటరిగా వదలొచ్చు. వయొలిన్ నడుస్తున్నప్పుడు గదినిండా పాత క్రెమర్‌ని నింపొచ్చు. వయొలినిస్టు కూడా ఊరుకోడు, స్పీకర్లో ఏదో విని తన స్వరం ఆలస్యం చెయ్యొచ్చు, ఆగి వినొచ్చు, ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఎంతసేపైనా నడవొచ్చు. నిడివి నలభై నిమిషాలో గంటో ముందే చెప్పలేనిది అందుకే. టేపు ఎప్పటిలాగే మొండిగా నడుస్తుంది, కానీ దాని నోరు ఎప్పుడు తెరవాలో ఒక మనిషి చూసుకుంటున్నాడు. టేపు, వాయిద్యం అన్న పద్ధతిలో మొదటి నుంచీ ఉన్న ఇబ్బందిని ఇంత తేలికైన ఉపాయంతో తప్పించినవాళ్లు నాకు తెలిసి తక్కువ. కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. మామూలు ఫేడర్లు, వాటి వెనక వినే మనిషి.

మొదట్లో ఆ కుర్చీలో నోనోయే కూర్చునేవాడు. ఆయన పోయాక ఆ పని చేతులు మారింది. క్రెమర్ డాయిచ గ్రామోఫోన్ కంపెనీ‌కి చేసిన రికార్డింగులో ఫేడర్ల దగ్గర ఉన్నది సోఫియా గుబైదూలినా. అంతకు ముందే క్రెమర్ కోసం 'ఆఫర్టోరియం' అనే వయొలిన్ కాన్చెర్టో రాసిన స్వరకర్త. మెలీజె మెలింగర్ వాయించిన, కైరోస్ కంపెనీ తెచ్చిన రికార్డింగులో ఆ చోట సాల్వతోరె షారీనో ఉన్నాడు. లొంతనాంత్సాని నోనో అంకితమిచ్చింది ఆయనకే. అర్వైన్ ఆర్డిట్టి వాయించినప్పుడు నోనో దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన ఆంద్రె రిషార్. తర్వాత 2012లో మిరాండా కక్సన్ వాయిస్తే ఫేడర్ల దగ్గర క్రిస్టఫర్ బర్న్స్. వాయించేది ఒకే నొటేషన్, తిరిగేవి అవే ఎనిమిది ట్రాకులు. అయినా ఒకదాని తర్వాత ఒకటి వింటే ఇది అదేనా అనిపిస్తుంది.

గుబైదూలినా చేతిలో టేపు ధారాళంగా ఉంటుంది. బతికున్న క్రెమర్, రికార్డైన క్రెమర్ ఒకరి భుజాలు ఒకరు రాసుకుంటూ పోతారు, ఏది ఎవరో తెలియని చోట్లు బోలెడు. అది అందంగానే ఉంది కానీ నా చెవికి కొంచెం ఎక్కువైంది. షారీనో పిసినారి. తన సొంత సంగీతం కూడా వినీ వినపడని చప్పుళ్లతోనే కట్టే మనిషి కదా, ఫేడరు తెరిచినప్పుడు తెరిచాడా లేదా అని సందేహం వచ్చేలా తెరుస్తాడు. ఆయన వదిలిన ఖాళీల్లో మెలింగర్ కమాను మీది గరుకు కూడా వినిపిస్తుంది. నేను ఓటు వేసేది షారీనోకే. కక్సన్ వాయింపు మాత్రం వీటన్నిటిలో స్పష్టంగా ఉంటుంది, కొత్తగా వినేవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మంచిది.

ఒక మాట, ఫోన్ స్పీకర్ మీద వినకండి. వయొలిన్ భాగంలో పియానిస్సిమో గుర్తులు వరసగా అయిదు, ఆరు, ఏడు దాకా పోతాయి. అంటే ఉందో లేదో అన్నంత చిన్నగా. ఒక స్వరాన్ని పట్టి ఉంచినా అది కదలకుండా నిలబడకూడదు, శ్రుతి వెంట్రుకవాసి అటూ ఇటూ కదులుతూనే ఉండాలి. ఇవన్నీ ఫోన్‌లో ఏమీ మిగలవు, మధ్య మధ్యలో వచ్చే గట్టి గీతలు మాత్రం పళ్లు జివ్వుమనిపిస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సూక్ష్మాలు దక్కుతాయి, దూరాలు పోతాయి. చుట్టూ ఎనిమిది స్పీకర్ల కోసం చేసినదాన్ని రెండు చెవుల మధ్య ఇరికిస్తే పేరులో ఉన్న దూరమే మాయమవుతుంది. మామూలు గదిలో రెండు మంచి స్పీకర్లు, ఫ్యాన్ ఆపేసి, కొంచెం పక్కకి కూర్చుని వింటే మేలు. సరిగ్గా మధ్యలో కూర్చోవద్దంటాను. స్టీరియో కచ్చితంగా అమరిన చోట అన్నీ ఎక్కడెక్కడున్నాయో తెలిసిపోతుంది, ఇక్కడ తెలియకపోవడమే బాగుంటుంది. ఇది సౌండ్ పని చేసేవాళ్లు చెప్పకూడని సలహా.

ఫిర్యాదులు కూడా ఉన్నాయి. మధ్యలో ఎక్కడో, సాధారణంగా సగం దాటాక, ఇది సాగుతుంది. ఎప్పుడేం వస్తుందో తెలియనిదాన్ని ఇరవై నిమిషాలు వింటే ఆ తెలియకపోవడమూ అలవాటైపోతుంది. మిక్సర్ దగ్గర మనిషి బలహీనుడైతే ఆ సాగుడు ఇంకా ఎక్కువ, అన్ని ట్రాకులూ కాస్త కాస్త తెరిచి అన్నీ కలిపి బూడిద రంగు చేసేస్తాడు. వయొలినిస్టు నడక కూడా అంతే. వీడియోల్లో చూస్తే కొందరు ఏదో క్రతువు చేస్తున్నట్టు మరీ గంభీరంగా అడుగులేస్తారు. కాగితం వెతుక్కునేవాళ్లు అలా నడవరు కదా!

పోయే ముందు ఏడాది, 1989లో, నోనో ఈ వయొలిన్ భాగాన్నే విప్పి, ఇద్దరు వయొలినిస్టుల మధ్య పంచి, టేపు పూర్తిగా తీసేసి 'హై కె కమినార్ సొన్యాందో' రాశాడు. అదే ఆయన చివరి పూర్తి రచన. చాలామంది దాన్ని లొంతనాంత్సా కంటే శుద్ధమైనదంటారు. నిజమే, శుద్ధంగానే ఉంది. కుర్చీ లేదు, తలుపు లేదు. మా కుర్రాడికి అది వినిపిస్తే ఇది క్లీన్‌గా ఉందక్కా అన్నాడు, రెండు నిమిషాల్లో ఫోన్ తీశాడు.

వయొలిన్ వాయించాలని నాకెప్పుడూ అనిపించలేదు కానీ, ఈ రచన ఎక్కడైనా జరుగుతూ మిక్సర్ దగ్గర మనిషి రాలేదంటే మాత్రం చెయ్యి ఎత్తుతాను. ఇప్పుడు టేపు రీళ్లు లేవు, ఎనిమిది ఫైళ్లే, ఫేడర్లు మాత్రం అవే. మొదటి పావుగంట ఒకటి, రెండు ట్రాకుల జోలికి అసలు పోను. మూడు, నాలుగు అప్పుడప్పుడూ, వేదిక మీది వయొలిన్‌కి బాగా దూరంగా, వెనక స్పీకర్లలోంచి. ఏడు, ఎనిమిది చివరికి దాచుకుంటాను. వయొలినిస్టు ఖాళీ స్టాండు ముందు నిలబడి ఇక్కడ ఏమీ లేదే అని చూస్తున్నప్పుడు, అయిదూ ఆరూ తెరుస్తాను, ఇన్నేళ్లుగా నేను కోసి పారేసిన కుర్చీలన్నిటి తరఫునా కొంచెం గట్టిగానే.